లైటు బాగానే ఉంది, డ్రైవరే లేదు

స్టేజి లైట్లను నడిపే కేబుల్‌లో 1986 నుంచి ఇప్పటిదాకా ఒకే భాష నడుస్తోంది. అమెరికాలో రంగస్థల సాంకేతికుల సంస్థ యూఎస్‌ఐటీటీ ఆ ఏడాది దాన్ని రూపొందించింది. పేరు డీఎంఎక్స్512. 1990లో కొద్దిగా సవరించారు, 2004లో అమెరికా జాతీయ ప్రమాణం చేశారు. మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. లైట్ల వెలుగును పెంచి తగ్గించే ముప్పై ఏళ్ల నాటి డిమ్మర్ ర్యాక్‌కు ఇవాళ కొన్న లైటింగ్ బోర్డు తగిలిస్తే చెప్పినట్టు వింటుంది. ఇవాళ కొన్న మూవింగ్ హెడ్ అనే తిరిగే లైటును ముప్పై ఏళ్ల నాటి బోర్డు తిప్పగలదు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కంపెనీలు, వేర్వేరు దశాబ్దాల్లో తయారుచేసిన యంత్రాలు ఇలా ఒకదాని మాట ఒకటి వినడం ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

అదే కేబుల్‌ను కంప్యూటర్‌కు కలిపే అరచేతంత పెట్టె సంగతి అలా లేదు. పదిహేనేళ్ల కిందట కొన్న యూఎస్‌బీ పెట్టెను కొత్త ల్యాప్‌టాప్‌కు గుచ్చితే చాలాసార్లు ఏమీ జరగదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, తెర మీద ఫేడర్ మీటలు కదులుతాయి, లైటు మాత్రం వెలగదు. లైటు చెడిపోలేదు, కేబుల్ తెగలేదు, పెట్టెలో సర్క్యూటు కాలిపోలేదు. కంప్యూటర్‌కూ పెట్టెకూ మధ్య దుబాసీగా ఉండాల్సిన డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కొత్త ఆపరేటింగ్ సిస్టంలో లేదు, అంతే. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. ఇన్నాళ్లూ వాయిదా పడుతూ వచ్చిన ఇబ్బంది దాంతో ఎన్నో ఆడిటోరియాల కంట్రోల్ రూముల్లోకి ఒక్కసారిగా వచ్చింది.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే మూడు వైపుల నుంచి మూడు జవాబులు వస్తాయి. ఆపరేటింగ్ సిస్టం కంపెనీలు భద్రత అంటాయి. పెట్టెలు తయారుచేసేవాళ్లు పాత సరుకును ఎంతకాలం మోయాలంటారు. వాడేవాళ్లు మాత్రం చెడిపోని వస్తువును ఎందుకు పారేయాలని అడుగుతారు. మూడింటిలోనూ నిజం ఉంది. అయినా బరువు మూడింటి మీదా సమానంగా పడదనే నేను అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కేబుల్‌లో ఏం ప్రవహిస్తుందో చూడాలి.

కేబుల్‌లో ప్రవహించేది

డీఎంఎక్స్ చాలా సాదా ఏర్పాటు. ఒక కేబుల్ మీద 512 ఛానళ్లు. ఒక్కో ఛానల్‌కు 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె. సున్నా అంటే చీకటి, 255 అంటే నిండు వెలుగు. మూవింగ్ హెడ్ అయితే ఒక ఛానల్ అడ్డంగా తిప్పుతుంది, ఇంకొకటి నిలువుగా, మరొకటి రంగు మారుస్తుంది. సెకనుకు రెండున్నర లక్షల బిట్ల వేగంతో ఈ అంకెలన్నీ వరసగా వెళ్తాయి. ఒక్కో అంకెకు 44 మైక్రోసెకన్లు పడుతుంది. 512 అంకెలూ ఒక విడత పూర్తవడానికి సుమారు 23 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు దాదాపు 44 సార్లు మొత్తం స్టేజి తాజా అవుతుంది. ప్రతి విడతకు ముందు తీగలో చిన్న విరామం ఉంటుంది. ఆ విరామాన్ని చూసే లైట్లు కొత్త లెక్క మొదలైందని గ్రహిస్తాయి.

వెళ్లిన అంకె సరిగ్గా చేరిందా అని చూసుకునే ఏర్పాటు ఇందులో లేదు. అందుకే బాణసంచా పేల్చడానికి, స్టేజి మీద బరువులు ఎత్తి దించడానికి డీఎంఎక్స్ వాడకూడదని ప్రమాణమే హెచ్చరిస్తుంది. లైట్లకు మాత్రం ఈ సాదాతనమే ఆయువు పోసింది. దాచిపెట్టిన తాళం లేదు, అనుమతి అడగాల్సిన కంపెనీ లేదు. ప్రమాణం చదివి ఎవరైనా తయారుచేయవచ్చు.

మామూలు కంప్యూటర్‌కు మాత్రం డీఎంఎక్స్ సాకెట్ ఉండదు. మధ్యలో ఒక పెట్టె కావాలి. అక్కడే కథ మారింది.

కంప్యూటర్ రంగస్థలానికి రావడం కొత్త కాదు. 1975లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ‘ఎ కోరస్ లైన్’ ప్రదర్శనకు లైటింగ్ డిజైనర్ థారన్ మసర్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి ఉన్న బోర్డును వాడారు. బ్రాడ్‌వేలో అదే మొదలు. అంతకుముందు ముగ్గురు నలుగురు ఆపరేటర్లు కాగితాలు చూసుకుంటూ మీటలు లాగేవారు. మసర్ తర్వాత ఒకరు ఒక బటన్ నొక్కితే సరిపోయింది. అయితే ఆ కంప్యూటర్ బోర్డులోపలే, అందులోనే పుట్టి అందులోనే ఉండేది. దాన్ని ఎవరూ ఇంటర్నెట్‌కు కలపలేదు, ఎవరూ అప్‌డేట్ చేయలేదు. అలాంటి బోర్డులు ఫ్లాపీ డిస్కులు దొరకడం మానేసినా పనిచేస్తూనే వచ్చాయి.

1990లలో లైటింగ్ సాఫ్ట్‌వేర్ మామూలు పీసీ మీదికి వచ్చింది. ఇది చిన్నవాళ్లకు పెద్ద మేలు చేసిందని గట్టిగా చెప్పాలి. లక్షలు పోసి బోర్డు కొనలేని స్కూలు, చిన్న నాటక సమాజం, ఊళ్లో లైట్లు అద్దెకిచ్చే దుకాణం - వీళ్లందరికీ ఒక పెట్టె, ఒక సాఫ్ట్‌వేర్, ఇంట్లో ఉన్న కంప్యూటర్ సరిపోయాయి. కానీ ఆ క్షణం నుంచే లైట్ల ఆయుష్షు ఆఫీసు కంప్యూటర్ల ఆయుష్షుకు ముడిపడింది. డిమ్మర్ ర్యాక్ దశాబ్దాలు నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టం పదేళ్లకు పోతుంది. ఇబ్బంది మొత్తం ఆ తేడాలోనే పుట్టింది.

ఎక్కడెక్కడ తెగింది

మొదటి తెగుడు పోర్టుల దగ్గర. తొలి పెట్టెలు కంప్యూటర్ వెనుక ప్రింటర్ పెట్టుకునే పారలల్ పోర్టుకు తగిలేవి. లేదంటే లోపల ఐఎస్‌ఏ స్లాటులో కార్డుగా కూర్చునేవి. డాస్, విండోస్ 95, 98 రోజుల్లో ఏ ప్రోగ్రామైనా నేరుగా పోర్టును తాకగలిగేది. విండోస్ ఎన్‌టీ వంశంలోని ఎక్స్‌పీ 2001లో ఇళ్లలోకి వచ్చాక ఆ తలుపు మూసుకుంది. పోర్టును తాకాలంటే ఆపరేటింగ్ సిస్టం గర్భమైన కెర్నెల్ అనుమతితో, డ్రైవర్ ద్వారానే తాకాలి. కొందరు చిన్న సహాయక ప్రోగ్రాంలు రాసి దాన్ని దాటేశారు. తర్వాత ఐఎస్‌ఏ స్లాట్లు పోయాయి, ఆ తర్వాత పారలల్ పోర్టే పోయింది. దాంతో ఆ తరం పెట్టెల కథ ముగిసింది. దాని గురించి ఎక్కువ బాధపడక్కర్లేదు. సాకెట్టే లేనప్పుడు చేయగలిగింది తక్కువ.

రెండోది 64 బిట్ల మలుపు. ఎక్కువమందిని తికమక పెట్టింది ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాంలు బాగానే నడుస్తాయి. కానీ 32 బిట్ల డ్రైవర్ ఎక్కదు. ఏ సర్దుబాటు చేసినా, ఏ ‘కంపాటిబిలిటీ మోడ్’ పెట్టినా ఎక్కదు. డ్రైవర్ పనిచేసే చోటు ఆపరేటింగ్ సిస్టం గర్భంలో ఉంటుంది. అక్కడ రెండు రకాల కోడ్ కలిసి నడవదు. అందుకే సాఫ్ట్‌వేర్ చక్కగా తెరుచుకుంటుంది, పెట్టె మాత్రం కనబడదు. ఆపరేటర్ కేబుల్ మారుస్తాడు, పోర్టు మారుస్తాడు, చివరికి పెట్టె పాడైందనుకుని పక్కన పడేస్తాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1990ల చివరి ప్రోగ్రాంలు కొన్నింటికి లోపలి సరుకు 32 బిట్లదైనా ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం 16 బిట్లది. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాంను అసలు నడపదు. అంటే సరుకు మంచిదే, మూత తెరుచుకోదు. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ల రకం లేనే లేదు.

దీనికి తోడు సంతకం వచ్చింది. 2007లో విండోస్ విస్టా 64 బిట్ల రకంతో కెర్నెల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. 2016లో విండోస్ 10లో ఆ నిబంధనను బిగించి, కొత్త డ్రైవర్లు మైక్రోసాఫ్ట్ ద్వారానే సంతకం పొందాలన్నారు. విండోస్ 11లో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ ఇంకో వడపోత. సంతకం ఉన్న పాత డ్రైవర్ కూడా దాని నియమాలకు సరిపడకపోతే ఆగిపోతుంది. నలుగురైదుగురితో నడిచే లైటింగ్ కంపెనీకి ఇవన్నీ ఖర్చులే. కొన్ని భరించాయి, కొన్ని పాత పెట్టెను జాబితాలోంచి తీసేసి కొత్తది అమ్మాయి.

ఆపిల్ వైపు తెగుళ్లు ఇంకా వేగంగా, ఇంకా కరకుగా పడ్డాయి. 2006లో ఇంటెల్ చిప్పులకు మారింది. పాత ప్రోగ్రాంలను నడిపే రోసెటాను 2011లో లయన్ అనే మాక్ ఆపరేటింగ్ సిస్టంతో తీసేసింది. 2013లో దాని తర్వాతి రకం మావెరిక్స్‌లో, చవక పెట్టెల్లో ఎక్కువగా ఉండే ఎఫ్‌టీడీఐ చిప్పులకు సొంత డ్రైవర్ పెట్టింది. వినడానికి మేలే, కానీ అదే చిప్పును వేరే డ్రైవర్‌తో నడిపే లైటింగ్ ప్రోగ్రాంలకు అది అడ్డం తిరిగింది. 2017లో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లనే పాత పద్ధతి డ్రైవర్లకు వాడేవారి అనుమతి తప్పనిసరి చేసింది. 2019 అక్టోబర్‌లో కాటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాంలన్నీ ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. 2020 నవంబర్‌లో సొంత ఎం1 చిప్పు వచ్చింది. వాటిలో పాత పద్ధతి డ్రైవర్ ఎక్కించాలంటే కంప్యూటర్‌ను రికవరీలో తెరిచి భద్రత స్థాయిని స్వయంగా తగ్గించాలి. నాటకం మొదలవడానికి గంట ముందు ఎవరూ చేయాలనుకునే పని కాదది.

ఇక చిప్పుల కథ. కేబుల్ చివరన ఉండే చవక పెట్టెలు చాలావాటిలో స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ చిప్పు ఉంటుంది, లేదా దాని నకలు ఉంటుంది. 2014 అక్టోబర్‌లో విండోస్ అప్‌డేట్ ద్వారా వెళ్లిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ నకిలీ చిప్పులను కనిపెట్టి వాటి గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. రాత్రి పనిచేసిన పెట్టె తెల్లారేసరికి పనికిరాకుండా పోయింది. కొన్నవాళ్లలో చాలామందికి తాము కొన్నది నకిలీ అని తెలియనే తెలియదు. పెద్ద గొడవ జరిగాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. పాత సీరియల్ పరికరాలను యూఎస్‌బీకి కలిపే తీగల్లో ఎక్కువగా కనిపించే ప్రొలిఫిక్ చిప్పులదీ ఇలాంటి కథే. 2012లో తయారీ ఆపేసిన పాత రకాన్ని కొత్త డ్రైవర్ గుర్తుపడుతుంది, కానీ నడపనంటుంది. అసలు చిప్పుకైనా, నకలుకైనా అదే జవాబు.

తెలివి ఎక్కడ ఉంది

పెట్టెలన్నీ ఒకటి కావు. ఏది బతికింది, ఏది చచ్చిపోయింది అన్నది చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. కొన్ని పెట్టెల్లో సొంత తెలివి ఉండదు. కంప్యూటర్ ఎప్పుడు విరామం ఇవ్వాలో, ఎప్పుడు అంకెలు పంపాలో తానే చూసుకోవాలి. పెట్టె వాటిని తీగలోకి తోస్తుందంతే. మామూలు కంప్యూటర్ అదే సమయంలో వంద పనులు చేస్తుంటుంది. వైరస్ స్కాన్ మొదలైతే ఒక విడత ఆలస్యమవుతుంది. ప్రమాణం ప్రకారం అలాంటి ఆలస్యం తప్పు కాదు. అయినా నెమ్మదిగా ఆరాల్సిన లైటు మెట్లు మెట్లుగా ఆరుతుంది. చవకరకం లైట్లయితే మిణుకుమంటాయి. మరికొన్ని పెట్టెల్లో సొంత మైక్రోకంట్రోలర్ ఉంటుంది. కంప్యూటర్ అంకెలు ఇస్తే చాలు, సమయం సంగతి పెట్టె చూసుకుంటుంది.

ఆస్ట్రేలియా కంపెనీ ఎంటెక్ రెండు రకాలూ అమ్మింది. మొదటి రకం సర్క్యూటును బహిరంగంగా ప్రచురించింది. రెండో రకంతో కంప్యూటర్ ఎలా మాట్లాడాలో కూడా ప్రచురించింది. ఫలితం ఏమిటంటే ఎవరెవరో రాసిన ప్రోగ్రాంలు ఆ పెట్టెలను నడుపుతున్నాయి, ఎవరెవరో చేసిన పెట్టెలు ఆ భాషే మాట్లాడుతున్నాయి. అసలు సాఫ్ట్‌వేర్ పాతబడినా పెట్టె పాతబడలేదు. మరోవైపు, తమ సాఫ్ట్‌వేర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండా తాళం వేసిన పెట్టెలున్నాయి. వాటిలో చాలావాటి నిర్మాణం గట్టిది, ధర ఎక్కువ, పనితనం బాగుండేది. కంపెనీ ఆసక్తి తగ్గిన రోజునే అవీ ఆగిపోయాయి. చవకదా ఖరీదైనదా అన్నది ఇక్కడ తేల్చలేదు, తెరిచి ఉంచారా మూసేశారా అన్నదే తేల్చింది.

స్టేజి దాటి

ఇది నాటకాలవాళ్ల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విల్‌బ్రహామ్‌లో మినచాగ్ హైస్కూలు 2012లో కొత్త భవనంలోకి వెళ్లింది. విద్యుత్ ఆదా కోసం దాదాపు 7,000 లైట్లను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చారు. 2021 ఆగస్టులో ఆ సాఫ్ట్‌వేర్ దెబ్బతింది. అది ఆగితే లైట్లు వెలిగే ఉండాలన్నది దాని నియమం. చీకటిలో పిల్లలు పడిపోకూడదు కదా. దాంతో ఆ లైట్లు రాత్రింబవళ్లు ఏడాదిన్నర వెలుగుతూనే ఉన్నాయి. కొన్నిచోట్ల టీచర్లు బల్బులు విప్పేశారు, కొన్నిచోట్ల బ్రేకర్లు దించారు. వ్యవస్థను పెట్టిన కంపెనీ మధ్యలో చేతులు మారింది. పాత దాన్ని తెలిసినవాళ్లు దొరకడమే కష్టమైంది, విడిభాగాలు రావడం ఇంకా ఆలస్యమైంది. 2023లో గానీ తెమలలేదు. ఆదా కోసం పెట్టిన ఏర్పాటు ఏడాదిన్నర పాటు ప్రజల పన్నుల డబ్బును వెలిగించి పారేసింది. గోడ మీద మామూలు స్విచ్ ఒకటి ఉంచి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఇళ్లలోనూ అంతే. ఫిలిప్స్ హ్యూ బల్బుల మొదటి తరం బ్రిడ్జికి 2020 ఏప్రిల్ 30తో ఇంటర్నెట్ సేవలూ అప్‌డేట్లూ ఆగిపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ ముందు మాట చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. ఆ తర్వాత వాడకందార్లలోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కుని మళ్లీ నడిపారు. ఇలా ముగిసిన కథలు చాలా తక్కువ.

ఎవరి బాధ్యత

ఆపరేటింగ్ సిస్టం కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. కెర్నెల్‌లోకి ఎవరి కోడ్ పడితే వాళ్ల కోడ్ రానిస్తే ఏమవుతుందో వైరస్‌ల చరిత్ర చెబుతుంది. పాత డ్రైవర్లలోని లోపాలను పట్టుకుని దొంగలు లోపలికి చొరబడిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. బ్యాంకు పనులు, ఆస్పత్రి రికార్డులు నడిచే వ్యవస్థనే లైటింగ్ ఆపరేటరూ వాడుతున్నాడు. అతని పెట్టె కోసం అందరి తలుపూ తెరిచి ఉంచమనడం న్యాయం కాదు. పైగా మైక్రోసాఫ్ట్ ఒక దారి కూడా చూపించింది. యూఎస్‌బీ ప్రమాణంలో ఉన్న మామూలు తరగతుల్లో గానీ మైక్రోసాఫ్ట్ చెప్పిన పద్ధతిలో గానీ పెట్టె తన్ను తాను పరిచయం చేసుకుంటే విండోస్ తనలో ఉన్న డ్రైవర్‌నే ఇస్తుంది. విండోస్ 8 నుంచి విన్‌యూఎస్‌బీ అనే మైక్రోసాఫ్ట్ డ్రైవర్, విండోస్ 10 నుంచి సీరియల్ తరగతి ఇలా దానంతటదే పనిచేస్తాయి. ఈ దారిన వెళ్లిన తయారీదార్ల పెట్టెలకు డ్రైవర్ గొడవే లేదు.

కాబట్టి బాధ్యతలో పెద్ద వాటా పెట్టె తయారుచేసి తాళం వేసినవాళ్లదే అంటాను. పాత సరుకును కలకాలం మోయమని ఎవరూ అడగడం లేదు. మోయడం మానేసిన రోజున తాళంచెవి ఇచ్చి వెళ్లమనే అడుగుతున్నారు. పెట్టె ఏ భాష మాట్లాడుతుందో నాలుగు పేజీల్లో రాసి ప్రచురిస్తే మిగతాది వాడేవాళ్లే చూసుకుంటారు. ఇది అత్యాశ కాదని ఎంటెక్ ఉదాహరణ చూపిస్తోంది.

చట్టాలు ఇప్పుడిప్పుడే ఇటు చూస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ సైబర్ రెజిలియన్స్ చట్టం 2024 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబర్ నుంచి వర్తిస్తాయి. డిజిటల్ వస్తువుకు మామూలుగా కనీసం ఐదేళ్లు భద్రతా మద్దతు ఇవ్వాలంటుంది. సెల్‌ఫోనుకు ఐదేళ్లు బాగానే ఉంటాయి. ఇరవై ఏళ్లు ఉండే ఆడిటోరియానికి ఐదేళ్లు ఏ మూలకు? మన దేశంలో 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పోర్టల్ మొదలైంది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాలు అందులో ప్రధానం. లైటింగ్ కంట్రోలర్ లాంటివి ఎవరి దృష్టిలోనూ లేవు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమలవుతున్నాయి కానీ, పనిచేసే వస్తువును డ్రైవర్ లేక పారేయడాన్ని అవి ఆపలేవు.

ఇప్పుడు ఏం చేయవచ్చు

పాత కంప్యూటర్‌నే ఉంచుకోవడం అందరూ మొదట చేసే పని. తప్పేమీ కాదు. కానీ దాన్ని ఇంటర్నెట్‌కు కలపకూడదు. అదే కంప్యూటర్‌లో ఈమెయిల్ చూడటం, పాటలు దించుకోవడం, అందరి పెన్‌డ్రైవ్‌లూ గుచ్చడం మానాలి. హార్డ్ డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజిగా కాపీ చేసి వేరేచోట దాచాలి. ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టం కన్నా ముందు పోయేది ఆ డిస్కే. ఇది వాయిదా మాత్రమే. మదర్‌బోర్డు పోయిన రోజున మళ్లీ మొదటికే వస్తాం.

కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్ పెట్టి పాత విండోస్ నడపమని కొందరు సలహా ఇస్తారు. షో ఫైళ్లు తెరిచి చూసుకోవడానికి, పాత ప్యాచ్ (ఏ లైటు ఏ ఛానల్‌దో చెప్పే జాబితా) రాసుకోవడానికి ఇది మంచి ఉపాయం. సొంత తెలివి ఉన్న పెట్టెలైతే కొంతవరకు నడుస్తాయి కూడా. తెలివి లేని పెట్టెలకు మాత్రం రెండు ఆపరేటింగ్ సిస్టంల ఆలస్యం తోడై ఫేడింగ్ కుంటుతుంది. ప్రదర్శన రోజున దీన్ని నమ్ముకోమని నేను చెప్పను.

లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం దారిని మన దగ్గర తగినంతగా వాడటం లేదు. లైనక్స్ కెర్నెల్‌లో ఎఫ్‌టీడీఐ లాంటి చిప్పుల డ్రైవర్లు ముందే ఉంటాయి. పాత హార్డ్‌వేర్‌ను అది సులభంగా వదిలిపెట్టదు. క్యూఎల్‌సీ ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ, రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీదా నడుస్తుంది. ఈ ప్రోగ్రాం పనిని హైక్కీ యున్నిలా మొదలుపెడితే మాసిమో కల్లెగారి ముందుకు తీసుకెళ్లారు. ఓపెన్ లైటింగ్ ఆర్కిటెక్చర్ అనే మరో ఉచిత పనిముట్టు రకరకాల పెట్టెలను, నెట్‌వర్క్ పద్ధతులను ఒకదానితో ఒకటి కలుపుతుంది. నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి. పాత షో ఫైలు ఇందులో తెరుచుకోదు, క్యూలన్నీ (ఎప్పుడు ఏ లైట్లు మారాలో చెప్పే సూచనలు) మళ్లీ కట్టుకోవాలి. అయినా పెట్టె చెత్తకుప్పకు వెళ్లకుండా ఆగుతుంది. తాళం వేసిన పెట్టెలకు ఇదీ పనిచేయదు.

అసలైన పరిష్కారం కంప్యూటర్‌కు పెట్టెను యూఎస్‌బీతో కలపడం మానేయడం. 1998లో ఇంగ్లండ్‌లో ఆర్టిస్టిక్ లైసెన్స్ కంపెనీకి చెందిన వేన్ హోవెల్ ఆర్ట్‌నెట్ అనే పద్ధతిని తెచ్చి, ఎవరైనా ఉచితంగా వాడుకోమన్నారు. అది డీఎంఎక్స్ అంకెలను మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద పంపుతుంది. 2009లో ఎస్‌ఏసీఎన్ అనే మరో పద్ధతి అమెరికా ప్రమాణమైంది. కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కేబుల్, దాని చివర నోడ్ అనే పెట్టె, నోడ్ నుంచి డీఎంఎక్స్ కేబుల్. మధ్యలో ప్రత్యేక డ్రైవర్ ఏదీ లేదు. నెట్‌వర్క్ మీద మాట్లాడటం ప్రతి ఆపరేటింగ్ సిస్టంకూ వచ్చు. కంప్యూటర్ మార్చినా, విండోస్ నుంచి మాక్‌కు పోయినా, లైనక్స్‌కు వచ్చినా నోడ్‌కు సంబంధం లేదు. పాత డిమ్మర్లు, పాత లైట్లు, పాత కేబుళ్లు అలాగే ఉంటాయి. మారేది ఒక్క పెట్టె. నోడ్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దానికీ లోపాలుంటాయి. కానీ అది పాడైతే ఇంకో కంపెనీ నోడ్ తెచ్చి అదే చోట పెట్టవచ్చు. ఇన్ని దారులూ పక్కపక్కన పెట్టి చూశాక ఇదే మేలని నా నిర్ణయం.

షో ఫైళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. లైట్లు ఏ ఛానల్‌లో ఏం చేస్తాయో వర్ణించే జీడీటీఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. కానీ ఒక ప్రదర్శన క్యూలను ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు పూర్తిగా మోసుకెళ్లే దారి కంపెనీల మధ్య లేదు. అందుకే క్యూ షీటు కాగితం మీద రాసి పెట్టుకోవడం ఇప్పటికీ పాతబడలేదు. ఏ క్యూలో ఏ లైటు ఎంత వెలుగు, ఎన్ని సెకన్ల ఫేడ్, ఏ మాటకు బటన్ నొక్కాలి - ఇంత రాసి ఉంటే ఏ బోర్డు మీదైనా ఒక పూటలో మళ్లీ కట్టవచ్చు. అలా రాసిలేని ప్రదర్శన హార్డ్ డిస్కుతో పాటే పోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి మండపాలకు, కాలేజీ వార్షికోత్సవాలకు, ఊరి జాతర స్టేజీలకు లైట్లు అద్దెకిచ్చే దుకాణాల్లో పార్ లైట్లు, షార్పీ లైట్లు, మూవింగ్ హెడ్లు నిండా ఉంటాయి. వాటిని నడిపే కుర్రాళ్లు పనిమంతులు. ఎవరూ నేర్పకుండా పక్కవాణ్ని చూసి నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు చవకగా దొరికేది నకలు యూఎస్‌బీ పెట్టె, దానితో వచ్చే దొంగ సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పాత విండోస్ రకమే పడుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌ను అలాగే బిగించి ఉంచుతారు. తప్పు పట్టడం తేలిక. తెరిచి ఉంచిన దారులు ఉచితంగా ఉన్నాయని వాళ్లకు తెలుగులో చెప్పినవాళ్లు మాత్రం దాదాపు లేరు. సాంకేతిక కళాశాలలు, నాటక శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఈ ఒక్క పని చేస్తే ఎంతో ఉపయోగం: క్యూఎల్‌సీ ప్లస్, ఆర్ట్‌నెట్ వాడకం మీద తెలుగులో రెండు రోజుల తరగతి.

ఆడిటోరియం బాధ్యత చూసేవాళ్లకు ఒక మాట. పాత కంప్యూటర్‌ను తీసేసే ముందు అందులోని షో ఫైళ్లు, ప్యాచ్ జాబితా, ఇన్‌స్టాల్ డిస్కులు, డ్రైవర్ ఫైళ్లు కాపీ చేసి రెండు చోట్ల దాచండి. కొత్త కంట్రోలర్ కొనేటప్పుడు అది ఆర్ట్‌నెట్‌తో గానీ ఎస్‌ఏసీఎన్‌తో గానీ నడుస్తుందా, వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుందా, కంప్యూటర్ ఆగిపోతే గోడ మీది స్విచ్‌తో లైట్లు ఆర్పగలమా అని అమ్మేవాళ్లను అడగండి. జవాబులు బిల్లు మీద రాసిస్తేనే కొనండి.